టాకాల మీది ఇంజిన్

మొన్న తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. శామీర్‌పేట దగ్గర కొన్న జాగాలో ఇల్లు మొదలుపెట్టారట. ఫౌండేషన్ అయిపోయింది అత్తా, వచ్చి చూసి పో అన్నాడు. పిల్లవాడు మర్యాదగానే పిలిచాడు, నేనూ మర్యాదగానే చూద్దాంలే అన్నాను. కాని మా ఇంట్లో ఫౌండేషన్ అంటే ఇంటి పునాది కాదు. మా ఆయన వెల్డింగ్ పనివాడు. లారీ చాసిస్ మీద ఇంజిన్ కూర్చునే బ్రాకెట్లనూ, వాటి కింది రబ్బర్లనూ కలిపి మెకానిక్‌లు ఫౌండేషన్ అంటారు. ఆ మాట వింటే నాకు నాయిన లారీయే గుర్తొస్తుంది. మా పుట్టింటికీ నాకూ చెడింది దాని ఫౌండేషన్ దగ్గరే.

అప్పట్లో మేడ్చల్‌లో మా షెడ్డు ఇంటిముందే ఉండేది. ఒక పక్క ఆయన వెల్డింగ్ మిషన్, ఇంకో పక్క కిటికీ దగ్గర నా కుట్టుమిషన్. ఆయనకు పని మీద ఎంత శ్రద్ధో నోటి మీద అంత అదుపు తక్కువ. పెళ్ళికి పోతే అక్షింతలు వేయకముందే మండపం పైపుల అతుకులు తడిమి చూసి, ఇది ఏ గాడిద అతికించిందని పెళ్ళివాళ్ళకు వినబడేటట్టే అడిగేవాడు. వెల్డింగ్ చేసేటప్పుడు కండ్లకు నల్లద్దం పెట్టుకోమంటే వినడు. సాయంత్రానికి కండ్లు మండితే రెండు ఆలుగడ్డ ముక్కలు కండ్ల మీద పెట్టుకుని పడుకునేవాడు. అట్లా గుడ్డిగా పడుకునే నా జాకెట్ల కుట్లకు వంకలు పెట్టేవాడు. పొగరుబోతే, కాదనను. కాని ఆయన అతుకు ఊడిందని అప్పటిదాకా ఎవరూ అనలేదు. లారీల వాళ్ళు గండిమైసమ్మ చౌరస్తా అవతలి నుంచి కూడా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆ పేరు మీదనే మా పొయ్యి వెలిగేది.

నాయిన నడిపి నడిపి తమ్ముడికి అప్పజెప్పిన లారీ ఇంజిన్ ఒకనాడు పోయింది. తమ్ముడు వేరే కంపెనీ బండిది పాత ఇంజిన్ పట్టుకొచ్చాడు. దాని కాళ్ళు ఒకచోట, మన చాసిస్ మీది బెజ్జాలు ఇంకోచోట. మా ఆయన ఇంజిన్‌ను చైన్‌కు వేలాడదీసి, ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ మధ్య నాలుగు వేళ్ళ సందు చూసుకుని, నేను కాగితం మీద జాకెట్ గీసుకున్నట్టే అట్టముక్కల మీద కొలత గీసుకుని, ఫౌండేషన్ బ్రాకెట్ల కోసం ఆ కొలతకు మందపాటి ఇనుప పలకలు కోశాడు. వాటిని చాసిస్‌కు ఆనించి టాకాలు వేశాడు. టాకా అంటే కుట్టే. మా కుట్టుపనిలో కచ్చా టాకా అంటే బట్ట జారకుండా పొడుగ్గా వేసే కుట్లు. వెల్డింగులో అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. వస్తువును నిలబెడతాయి గాని బరువు మోయవు. అంతలో కరెంటు పోయింది.

"టాకాలైనయ్ బామ్మర్దీ. పొద్దుగాల ఫుల్ వెల్డింగ్ ఏస్త, అందాక బండి కదపకు" అన్నాడు మా ఆయన. నాయిన అక్కడే కుర్చీలో ఉన్నాడు. నేను ఛాయ్ తెస్తే, అల్లుడు రేపటిదాకా కదపొద్దన్నాడని నాకు ఆయనే చెప్పాడు.

తమ్ముడు మాత్రం అయినయ్ అన్నదొక్కటే విన్నాడు. తెల్లారితే మూఢం, పూజ ఆ పొద్దు మునిగేలోపే కావాలని అయ్యగారు చెప్పాడట. మా ఆయన రాడ్లు తేవడానికి జీడిమెట్ల పోయాడు, నేను కుట్టిన బట్టలు ఇవ్వడానికి యాప్రాల్ పోయాను. మేము వచ్చేసరికి షెడ్డు ఖాళీ. మెకానిక్‌ను పిలిచి పైపులు బిగించుకుని, చైన్ వదిలి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి స్టార్ట్ చేశారట. ఇంజిన్ బ్రహ్మాండంగా మోగిందట. ఆ రోజు అది మొరాయించి ఉంటే మా బతుకులు ఇంకోరకంగా ఉండేవి. పూజైన బండి ఖాళీగా నిలబడొద్దని కంకర లోడుకు పోయాడు మా తమ్ముడు. శామీర్‌పేట రోడ్డు ఎత్తులో ఇంజిన్ మెలితిరిగి టాకాలు తెగాయి. ఫ్యాన్ పోయి రేడియేటర్‌ను చీరేసింది.

బావ వెల్డింగ్ ఊడిపోయిందని తమ్ముడు లారీల అడ్డాలో చెప్పాడు. టాకాల సంగతి మింగేశాడు. ఆ మాట లారీల కంటే జల్దీ తిరిగింది. బండ్లు రావడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది. మా ఆయన పట్టుబట్టి పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. నేను ఆ రోజు నాయిన నోట విన్నది చెబితే, పెండ్లాం మొగని దిక్కే మాట్లాడుతుంది గదా అని నవ్వారు. అప్పుడు ఆయన నాయిన వైపు తిరిగాడు.

"మామా, నువ్వు ఆడ్నే ఉన్నవ్. కదపొద్దని నేను జెప్పిన్నా, లేదా?"

నాయిన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. తమ్ముడి వైపు చూశాడు. "నాకు యాదిలేదు బిడ్డా" అన్నాడు.

మా ఆయన లేచి ఇంటికొచ్చేశాడు. మళ్ళీ లారీ కింద దూరలేదు. కొత్త కాలనీల్లో ఆంధ్రా ఉద్యోగస్తుల ఇండ్లకు కిటికీ జాలీలు, గేట్లు చేసుకుంటూ ఉన్నాడు. గేటు మీద నెమలి బొమ్మ ఏ రంగు ఉండాలని వాళ్ళు గంటసేపు మాట్లాడుకుంటుంటే, రెంచీ చేతిలో పట్టుకుని వింటూ నిలబడతాడు.

నాయిన ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేనొక్కదాన్నే పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "అల్లుడు జెప్పిండు బిడ్డా, నేను ఇన్న. కొడుకు ఇంట్ల తింటున్నోన్ని, ఏం జెయ్యాలె" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకు చెప్పాను. నీ చెవులో చెబితే నాకేం వచ్చింది, అడ్డాలో నిలబడి చెప్పమను అన్నాడు. నాయిన ఆ మంచం దిగలేదు. ఏండ్లు గడిస్తే కోపం చల్లబడుతుందని నేనూ ఎదురుచూశాను. ఏండ్లు నా కోపాన్ని ముట్టుకోలేదు, నలుగురిలో ఆ మాట చెప్పగలిగిన ఒక్క మనిషిని మాత్రం తీసుకుపోయాయి.