కడిగినా రాని ముఖం

జగిత్యాల మీదుగా కోరుట్ల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మాఘమాసం. లారీ దిగగానే పసుపు ఉడికే వాసన తగిలింది. ఊరి బయట మూతబడ్డ బియ్యం మిల్లులో మా ప్లటూన్ మకాం. ఇసుక బస్తాలు, ముళ్లకంచె, ఒక వైర్‌లెస్ సెట్టు. మందుపాతర భయంతో కల్వర్టుల మీద బండి నడపకూడదని మొదటి ఆర్డరు. రెండో ఆర్డరు నాకే: కమాండర్ ఒక కెమెరా తెచ్చి నా మెడలో వేశాడు. ఫోటోలు తీసే జవాను సెలవుకని వెళ్లి తిరిగి రాలేదట. నాకు దాన్ని ఎటు నుంచి చూడాలో కూడా తెలియదన్నాను. గురి కుదిరినవాడికి అదెంత పని అన్నాడాయన.

నేర్పింది కోరుట్ల బస్టాండు దగ్గర స్టూడియో యజమాని. దుబాయి, మస్కట్ పోయేవాళ్ల పాస్‌పోర్టు ఫోటోలతోనే ఆయన దుకాణం నడిచేది. మంచి ఎండలో షట్టర్ నూట ఇరవై అయిదు మీద, లెన్సు కంత పదకొండు మీద. మబ్బు పడితే కంత పెద్దది చెయ్యాలి. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. ఊపిరి బిగబట్టి మెల్లగా నొక్కాలి. ఆ చివరిదొక్కటే నాకు ముందే వచ్చు.

“ఎండ నీ ఈపుకుండాలె సారూ. అవతలోని ఈపుకుంటే మొఖం నల్లగైతది. గట్లయినంక ఎన్నిసార్లు కడిగినా మొఖం రాదు” అన్నాడు. మందునీళ్లలో ముంచి బొమ్మ తేల్చడాన్ని అక్కడా కడగడమే అంటారు.

ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊళ్లో పడుచువాళ్లందరి ఫోటోలూ తియ్యమని ఆర్డరొచ్చింది. అడవిలోని వాళ్లకు బియ్యం మోస్తున్నదెవరో తేలాలి. మిల్లులో ముసుగేసి కూర్చోబెట్టిన ఒక మనిషి ఫోటోలు చూసి వేలు పెడతాడు. అంతకు ముందు ఊళ్లో అతను వేలు పెట్టినవాణ్ని జీపెక్కించారు. వాడు మళ్లీ ఇల్లు చేరలేదు. మెస్సులో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తలేదు.

పొద్దున్నే ఊరిని చుట్టుముట్టాం. బడి గోడకు తెల్ల దుప్పటి కట్టాను. సగం ఊరు ఖాళీ. దొరికిన కొద్దిమందినీ తీస్తుంటే లచ్చవ్వ అనే ముసలామె కొడుకును చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. వాడి పేరు రాజేశం. తల దువ్వి, మొహానికి పౌడర్ రాసి, మెడ దాకా గుండీలు పెట్టింది. ఆమె చేతులు పసుపు పనితో పచ్చగా ఉన్నాయి.

“చేన్ల దాసుకున్నడు సారూ, పిచ్చోడు. పాస్‌పోర్ట్ ఎంక్వైరీకి అచ్చిండ్రని తెల్వక. నేనే తోల్కచ్చిన.”

గల్ఫు పోయేవాళ్ల ఊళ్లవి. పాస్‌పోర్టుకు అర్జీ పెట్టినవాడి ఇంటికి విచారణకు పోలీసు వస్తాడు. యూనిఫారం, కెమెరా, తెల్ల దుప్పటి ఒకచోట కనబడేసరికి ఆమెకు దుబాయే కనబడింది. రాజేశానికి మేమే కనబడ్డాం. పారిపోదామంటే వెనక మావాళ్లున్నారు. వైర్‌లెస్ ఆపరేటర్ నా పక్కనే ఉన్నాడు, ఆమె మాట విన్నాడు. కమాండర్ బావి దగ్గరున్నాడు, వినలేదు.

దుప్పటి గాలికి ఎగురుతోందని వంక పెట్టి, వాణ్ని సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టి నొక్కాను. ఆపరేటర్ చూశాడు. సెట్టు చెవికి ఆనించుకొని అటు తిరిగాడు.

ముసుగు మనిషి ఆ ఫోటోను చాలాసేపు పట్టుకొని చూశాడు. ఏమీ తెలియక పక్కన పడేశాడు. కమాండర్ నన్ను బండబూతులు తిట్టి మళ్లీ తీసుకురమ్మన్నాడు. వెళ్లేసరికి రాజేశం ఊళ్లో లేడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

లచ్చవ్వ ఆ ఫోటో కోసం మిల్లు గేటు దాకా వచ్చింది. పనికిరానిదేగా, ఇచ్చెయ్యమన్నాడు కమాండర్. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకొని, ఫోటో తీసుడు ఎవరూ నేర్పలేదా అని నన్ను మందలించింది.

ఫాల్గుణంలో రాజేశం మక్కజొన్న చేలో దొరికాడు. నేనప్పుడు జ్వరంతో జగిత్యాల ఆస్పత్రిలో ఉన్నాను. “ఒక బాడీ. తల్లి గుర్తుపట్టింది. ఓవర్” అని సెట్టులో వచ్చిందని ఆపరేటర్ తర్వాత చెప్పాడు. తూటా అడవివాళ్లదని మావాళ్లు అన్నారు. మా ప్లటూన్‌దేనని వాళ్లు గోడల మీద రాశారు. ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు ప్రయాణం రోజు సామాను ఎక్కిస్తుంటే లచ్చవ్వ లారీ దగ్గరికి వచ్చింది. కొంగు విప్పి ఆ ఫోటో తీసింది. వాడిది అదొక్కటే ఉందట.

“ఒక్కపారి మంచిగ కడిగియ్యి కొడుకా. మొఖం కనవడుతలేదు.”

రాదని నాకు తెలుసు. తీసుకోనన్నాను. నా చేతిలో కుక్కి, వేళ్లు మూసింది. లారీ కదిలింది.

ఇప్పుడు మా ఊళ్లో పిల్లలు ఫోనుతో ఫోటో తియ్యబోతే, ఎండ మీ వీపుకు పెట్టుకోండిరా అంటాను. ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు. పట్టాళంలో అంటాను. ఆ ఫోటో నా పెట్టెలోనే ఉంది. నల్లటి మనిషి, చుట్టూ ఎండ. ముఖం ఉండాల్సిన చోట, రుద్ది రుద్ది చూసిన ఆమె బొటనవేలి పసుపు.