తొమ్మిది ముఖాలూ ఒక కాలూ

సినిమా పోస్టర్లు తయారుచేసే అంగుళం గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. కొలవడం. దువ్వెనతో పని తీరిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి దువ్వెన ఉండాల్సిన జేబులో ఉక్కు స్కేలు ఉంటుంది. టీ వస్తే గ్లాసు పక్కన స్కేలు నిలబెట్టి, "నిన్నటికంటే పావంగుళం తక్కువ" అంటారు. పెళ్లి ఫోటోలో తన తల భార్య తలకంటే పెద్దగా పడిందని, కత్తిరించి సమానం చేసుకున్న మనిషి.

ఆయన సంగతి డూప్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. డూప్ అంటే హీరోల బదులు ఎగిరేవాడు, పడేవాడు. తొమ్మిది మంది హీరోల కరాటే సినిమాలో తొమ్మిది మందికీ ఇతనే వీపు. ఒక ఫైట్లో విలన్‌కి కూడా ఇతనే వీపు కావడంతో, తనని తానే చితక్కొట్టుకుని, గెలిచి, ఓడి, ఇంటికెళ్లి కాపడం పెట్టుకున్నాడు.

"సినిమా సినిమా అంటావు, ముఖమేది నాయనా?" అనేది అత్తగారు.

"ఆ వీపు నాదే అత్తయ్యా."

"వీపు ఎవరికి లేదు? ఒకటో తారీఖు నుంచి మా తమ్ముడి ఇనప కొట్లో కూర్చో."

ఈ సినిమాలోనూ, కనీసం దాని పోస్టర్లోనూ అత్తగారు తనని గుర్తుపట్టలేకపోతే కూర్చుంటానని డూప్ మాటిచ్చేశాడు. నోటిదూల!

ఇక పోస్టర్. ఏ హీరోని మధ్యలో పెట్టినా మిగతా ఎనిమిది మందీ ఊరుకోరు. అంగుళం గారు తొమ్మిది ముఖాలూ సరిగ్గా మూడంగుళాలకి దించి చుట్టూ పేర్చారు. మధ్యలో, గాల్లోకి లేచిన ఒక కాలు. ఆ కాలు కోసం డూప్ నలభైసార్లు తన్నాడు.

"చీలమండ పైన ఏమిటిది?"

"బీరువా మచ్చండి. అత్తగారి బీరువా మేడ ఎక్కిస్తుంటే కాలి మీద పడింది. ఇన్ని ఫైట్లు చేసి నేను సంపాదించిన గాయం ఇదొక్కటే." నవ్వుతూనే కొట్టు సంగతీ చెప్పాడు.

అంగుళం గారు అయ్యో అనలేదు. మచ్చ మీద స్కేలు పెట్టారు. "అంగుళంన్నర. కాలు దించకు."

పోస్టర్ చూడటానికి తొమ్మిది మంది మేనేజర్లూ దిగారు.

"ఆ కాలు మా హీరోగారిదేగా?" తొమ్మిది నోళ్లదీ అదే మాట.

"మీవారిదే" అని నిర్మాత తొమ్మిదిసార్లు చెప్పాడు.

అంతలో ఒకడు, "మావారి కాలికి మచ్చెక్కడిది? తుడిచెయ్యమనండి!"

"తుడిచెయ్యండి" అన్నాడు నిర్మాత. మూల నిలబడ్డ డూప్‌కి ఇనప కొట్లో తన కుర్చీ కనబడింది.

అంగుళం గారు స్కేలు తీశారు. "తుడుస్తాను. కానీ ఈ మచ్చని బట్టే తొమ్మిది ముఖాలూ కొలిచాను. ఇది పోతే లెక్క తప్పుతుంది. ఎవరి ముఖం చిక్కుతుందో, ఎవరిది ఉబ్బుతుందో, నాకు తెలియదు."

తొమ్మిది మందీ ఒకరినొకరు చూసుకున్నారు. "ఉండనివ్వండి, మచ్చే కదా!"

అందరూ వెళ్లాక డూప్ అడిగాడు. "నిజంగా మచ్చని బట్టే కొలిచారాండీ?"

"మచ్చని బట్టి ముఖం కొలిచే వెధవ ఎవడైనా ఉంటాడా? పో, నాకు పనుంది."

వారం తిరక్కుండా అత్తగారి ఇంటి ఎదురుగోడ మీద రెండంతస్తుల పోస్టర్ లేచింది. అత్తగారు పాల ప్యాకెట్‌తో అక్కడే ఆగిపోయింది.

"ఒసేయ్ అమ్మాయ్, ఇది నా బీరువా మచ్చే! మా అల్లుడి కాలే!" దారినపోయేవాళ్లందరినీ ఆపి మరీ చూపించింది. ఇనప కొట్టు ఊసు మళ్లీ ఎత్తలేదు.

"మరి చుట్టూ ఆ తొమ్మిది మందీ ఎవరు పిన్నిగారూ?" అని ఎవరో అడిగారు.

"ఎవరో పాపం," అంది అత్తగారు, "మావాడి కాలు చూడ్డానికి వచ్చినట్టున్నారు."