ముక్కుగారి కాఫీ

మా బావగారు లిఫ్టు మెకానిక్. వీధిలో మాత్రం అందరూ ఆయన్ని ముక్కుగారు అంటారు. మోటారు కాలకముందే వాసన పట్టేస్తారని కొందరు, కాఫీ గింజ చూడకుండానే దాని జాతకం చెప్పేస్తారని కొందరు. నన్నడిగితే, ఆ ముక్కు మీద కోపం కూడా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది మరి.

ఆదివారం వాళ్లింట్లో కాఫీ అంటే పెద్ద తతంగం. గింజల్ని అప్పటికప్పుడు మరలో గరుకుగా పట్టాలి. ప్రెస్సు అని ఆయన పిలిచే గాజు కూజాలో పొడి వేసి, కాసిని వేణ్నీళ్లు పోసి, అది పొంగేదాకా మనమంతా ఊపిరి బిగబట్టాలి. మిగతా నీళ్లు పోసి, పొడి నానాక, చివర సన్నటి జల్లెడ ఉన్న కడ్డీని అరచేత్తో కిందికి నొక్కాలి. పాలూ పంచదారా అడిగామా, అయిపోయామే. "అంతకన్నా తెచ్చి నా నెత్తిన పొయ్యండి!" అనేవారు. మా అక్కనైతే ఆ ప్రెస్సు ఛాయలకే రానిచ్చేవారు కాదు. "నువ్వు పెట్టేది కాఫీ కాదే, కషాయం" అని వచ్చినవాళ్ల ముందే అనేసేవారు. అక్క నవ్వేసి కప్పులు తుడుచుకునేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఈమధ్య ఆయనకు గట్టిగా జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాతి ఆదివారాల్లో ఒకనాటి సంగతి ఇది.

వీధి చివర కాఫీ గింజలు వేయించి అమ్మే కొట్టాయన రెండు రకాల గింజలు రెండు రంగుల సంచుల్లో పట్టుకుని వచ్చాడు. కొత్త దుకాణం తెరవబోతున్నాడట. "గురువుగారూ, మీరు ఏది బాగుందంటే బస్తాలకు బస్తాలు అదే వేయిస్తాను. మీ ముక్కే నాకు దిక్కు" అన్నాడు. బావగారు రెండూ కాచారు. కప్పుల మీదికి వంగి, కళ్లు మూసుకుని గాఢంగా పీల్చి, "ఎర్ర సంచీది వేయించు. పండు వాసన కొడుతోంది, చూడు" అన్నారు.

కొట్టాయన ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. "గురువుగారూ, నాకేంటో సబ్బు వాసన వస్తోంది."

నేనూ తాగి చూశాను. అచ్చంగా గిన్నెలు తోమే సబ్బే!

బావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంతలో అక్క నెత్తి కొట్టుకుంది. "నా మతి మండ! పొద్దున నేనే కడిగాను. జల్లెడ బిళ్లల మధ్య సబ్బు ఉండిపోయినట్టుంది."

"నా ప్రెస్సు ముట్టుకోమని నీకెవరు చెప్పారే? బుద్ధుందా అసలు?" అని బావగారు ఎగిరిపడ్డారు. అక్క కప్పులు తీసుకుని వంటింట్లోకి నడిచింది.

కొట్టాయన లేచి, "పోనివ్వండి గురువుగారూ. సబ్బులోంచి కూడా పండు వాసన పట్టారంటే మీరు మామూలు మనిషి కాదు. రేపు పొద్దున్నే ఎర్ర సంచీనే పొయ్యెక్కిస్తాను" అని వెళ్లిపోయాడు.

నేను పోట్లాటకు కొంగు బిగించి వంటింట్లోకి వెళ్లాను. బావగారు ప్రెస్సు విప్పి, జల్లెడను ముక్కుకు ఆనించుకుని నిలబడి ఉన్నారు. పక్కనే అక్క.

"ఏ వాసనా రావట్లేదు" అన్నారు, గోడతో చెబుతున్నట్టు.

"నాకు తెలుసు" అంది అక్క.

"ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గినప్పట్నుంచీ. పాలు మాడబెడితే మీరు నోరెత్తలేదు."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను."

బావగారు స్టూలు మీద కూలబడ్డారు. "దీన్ని కడిగింది నేనే కదే" అన్నారు. అంత పొడుగు మనిషి అలా ముడుచుకుపోతే చూడలేక నాకే సిగ్గేసింది.

"నా సంగతి అలా ఉంచండి. పాపం, ఆయన మీ మాట నమ్మి ఆ బస్తాలన్నీ వేయించేస్తాడు. వెళ్లి చెప్పండి."

"ముక్కుగారికి ముక్కు పనిచెయ్యదని చెప్పమంటావా? ఇక వీధిలో తలెత్తుకోగలనా?"

అక్క వెళ్లి చెప్పులు తొడుక్కుంది. ఆమె వెనకే ఆయన, ఆయన వెనక నేను.

కొట్లో వేయించిన గింజల వాసన గుప్పుమంటోంది. గుమ్మంలో బావగారు అలవాటుగా ఒకసారి పీల్చి, ఆగిపోయారు. "నా ముక్కు పోయిందయ్యా. పండూ లేదు, పాడూ లేదు. నోటికొచ్చింది వాగాను" అన్నారు. కొట్టాయన చేతిలోని సంచీ కింద పెట్టేశాడు. "మా ఆవిడ తాగి చెబుతుంది. నా కాఫీలన్నీ తాగిన మనిషి" అని బావగారే మళ్లీ అన్నారు. సబ్బు సంగతి మాత్రం ఎత్తలేదు.

"అయితే మీ చేత్తోనే కాచండమ్మా" అని కొట్టాయన తన ప్రెస్సు అక్క ముందు పెట్టాడు. ఇన్నాళ్లూ చూసింది కాబట్టి పొడి వేసింది, నీళ్లు పోసింది. నానాక కడ్డీ మీద అరచెయ్యి ఆనించి, బిక్కమొహం వేసి మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, ఎంత గట్టిగా నొక్కాలి? నేనెప్పుడూ పట్టుకోలేదుగా."

కొట్టాయన ఆమెను చూశాడు. తర్వాత బావగారిని చూశాడు. "మరి ఇందాక ఆ సబ్బు..."

అక్క నాలిక కరుచుకుంది.

"కడిగింది నేను. తిట్లు తిన్నది తను" అన్నారు బావగారు. ఆ మాట అన్నాక ఆయన తలెత్తలేదు. అక్క చెయ్యి ఇంకా కడ్డీ మీదే ఉంది.

"మెల్లగా నొక్కు" అన్నారు నేల చూస్తూనే. "ఏమీ కాదు. మెల్లగా నొక్కు."