మొగులును నమ్మని ఓదెలు

అన్ని ఊళ్ళకూ వాతావరణం ఉంటుంది. మా ఫిల్మ్‌నగర్‌కు మాత్రం సిగ్గులేని ఆకాశం ఉంది.

కాకినాడ తుఫానును చూడండి, ఎంత మర్యాదో! మూడు రోజుల ముందే రేడియోలో చెప్పించుకుని, రేవులో ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేయించుకుని, అప్పుడుగానీ ఊళ్ళో అడుగుపెట్టదు. కేరళ వాన క్యాలెండరు చూసుకుని బయల్దేరుతుంది. మద్రాసు ఉక్కపోత ఏడాది పొడుగునా ఒకే చొక్కాను తడుపుతుంది. చెప్పినమాట వినే పిల్లల్లాంటి వాతావరణాలు. అలాంటి ఊళ్ళలో బతకడం కూడా ఒక బతుకేనా?

మా దగ్గర, పక్కనే ఉన్న చెక్‌పోస్టులో గొడుగు తెరిచినవాడు ఫిల్మ్‌నగర్ చేరేసరికి వడదెబ్బ తిని పడిపోతాడు. కొండ కింద షేక్‌పేటలో, నాకు పని నేర్పిన ఓదెలు బర్రె ఒకసారి కొమ్ములు తడిసి, తోక ఎండి ఇంటికొచ్చింది. ఆ పూట పాలు నీళ్ళగా ఉన్నాయని రోజూ పోయించుకునేవాడు గొడవకొస్తే, ఓదెలు భార్య నీలమ్మ, "నేనేం కలపలే. మొగులే కలిపింది, పోయి దాన్నడుగు" అని మబ్బు వైపు చెయ్యి చూపింది. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ పాలు తాగినవాణ్ణి నేను.

ఈ ఓదెలు సినిమాలకు వాన కురిపించేవాడు. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది షేక్‌పేటలో పుట్టాడు. వాళ్ళ నాయన రాళ్ళ గుట్ట పక్కన ఉన్న చెలకలో ఒకే ఏడాది మూడుసార్లు మబ్బును నమ్మి జొన్న విత్తాడు. మూడుసార్లూ వాన రాక, ఆ గింజలు తిని పిట్టలు బలిశాయి. ఆనాటి నుంచి ఓదెలు తల ఎత్తి ఆకాశం వైపు చూడడం మానేశాడు. సినిమావాళ్ళు ఈ ఫిల్మ్‌నగర్ కొండ ఎక్కాక ట్యాంకరు నీళ్ళతో, చిల్లుల పైపులతో వాన పని పట్టాడు. అతనిది ఒకటే పద్ధతి. ఎండ కాసినా, పైన కుండపోత పోస్తున్నా, పొద్దున్నే ట్యాంకర్లు నిండి ఉండాలి, పైపులు కట్టి ఉండాలి. నేను కాలేజీకి దండం పెట్టేసి అతని దగ్గర పైపు పట్టాను. చినుకు సన్నగా పడేలా పైపు ఊపడంలో ఈ కొండ మీద నన్ను మించినవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

తొంభై ఏడు జూన్‌లో ఒక బంగళా ముందు వాన పాట తీస్తున్నారు. హీరోయిన్ సాయంత్రం విమానానికి వెళ్ళిపోవాలి. పాట ఆ రోజే పూర్తి కావాలి. ప్రొడక్షన్ మేనేజరు సుబ్రహ్మణ్యంది కాకినాడ. సముద్రం తన పెరట్లోనే పుట్టినట్టు మాట్లాడే మనిషి. పది గంటలకు నల్లగా మబ్బు కమ్మింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏంటయ్యా ఓదెలూ, పైన దేవుడు ఊరికే పోస్తుంటే కింద నీ ట్యాంకర్లెందుకు? పంపించెయ్."

"మొగులును నమ్మకుండ్రి సార్. జర ఆగుండ్రి."

"నాకు చెప్తావా మబ్బు గురించి? తుఫాన్లలో పెరిగినవాణ్ణయ్యా! ఇలాంటి మబ్బు మా కాకినాడలో పట్టిందంటే రెండు రోజులు కదలదు."

"గది కాకినాడ మొగులు సార్. గిది గీడిది. దీనికి మాట మీద నిలబడుడు తెల్వదు."

యూనిట్ అంతా నవ్వింది. సుబ్రహ్మణ్యం చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకో మాట మాట్లాడావంటే రేపట్నుంచి మద్రాసు నుంచి వాన మనుషుల్ని తెప్పిస్తా. ఈ కొండ మీద నీకు పనే ఉండదు!"

ఓదెలుకు మరో పని రాదు. చెలక ఎప్పుడో బంగళాల కిందికి పోయింది. మొదటి ట్యాంకరును పంపేశాడు. రెండోదాని డ్రైవరు చెవిలో మాత్రం, "షేక్‌పేట మలుపుకాడ ఆపి చాయ్ తాగు. నేను పిలిచేదాంక తాగుతనే ఉండు" అన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే.

వాన వచ్చింది, జోరుగానే. సుబ్రహ్మణ్యం నడుం మీద చేతులేసుకుని, ఆ వానను తనే కాకినాడ నుంచి బస్సెక్కించి తెచ్చినట్టు నిలబడ్డాడు. హీరోయిన్ తడిసింది, డాన్సర్లు తడిశారు. కెమెరామన్ కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"వాన ఏదండీ? కంటికి కనబడుతోంది గానీ ఫిల్మ్ మీద పడదు. చినుకు లావుగా ఉండాలి, వెనక నుంచి లైటు తగలాలి. ఈ వాన నాకు పనికిరాదు. పైపులు తెప్పించండి."

సినిమా పనిలో ఉన్న తమాషా ఇదే. వాన సీను తీయాలంటే ముందు వాన ఆగాలి. సముద్రం ఒడ్డున పుట్టిన పెద్దమనిషికి ఇంతమాత్రం తెలియదు.

ఆయన నోరు తెరిచేలోపే వానకు విసుగు పుట్టింది. ట్యాపు కట్టేసినట్టు ఆగి, కృష్ణానగర్ మీదికి వెళ్ళిపోయింది. అక్కడ కిరాయి గదుల ముందు ఆరేసిన బట్టలన్నీ తడిపిందట. మా దగ్గర మబ్బు నీడ మాత్రం మిగిలింది. తడిసిన హీరోయిన్, తడిసిన నేల, వాన లేదు, ట్యాంకరు లేదు. డైరెక్టరు, "సుబ్రహ్మణ్యంగారూ, మీ తుఫానేది?" అని అరిచాడు.

సుబ్రహ్మణ్యం ఓదెలు దగ్గరికి వచ్చాడు. గొంతు మారిపోయింది.

"ఓదెలుగారూ, ఏదైనా చేయగలరా?"

"మాట్లాడొచ్చా సార్? పని పోతదేమో అని అడుగుతున్న."

"మాట్లాడండి బాబూ!"

ఓదెలు నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాడు. మలుపు నుంచి ట్యాంకరు కొండ ఎక్కింది. డ్రైవరు అప్పటికి తొమ్మిది చాయ్‌లు తాగాడు. పావుగంటలో పైపులు కట్టాం. నేను ఊపిన వానకు కెమెరామన్ లేచి నిలబడ్డాడు. ఒక్క ట్యాంకరుతో, ఒక్క చుక్క వృథా కాకుండా పాట ముగిసింది. హీరోయిన్ విమానం అందుకుంది.

సాయంత్రం తువ్వాలు పిండుకుంటున్న ఓదెలు ముందు సుబ్రహ్మణ్యం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మద్రాసు మనుషుల ఊసు లేదు.

"రేపు ఇంకో సీను ఉంది. మీరే రావాలి. రేపు వాన పడుతుందంటారా?"

"నాకేం ఎర్క సార్? ఎర్కున్నదని చెప్పెటోడు గీడోడే కాదు. ట్యాంకర్లు మాత్రం నింపి పెట్టుండ్రి."

మర్నాడు నేను వెళ్ళేసరికి ఫెళఫెళలాడే ఎండలో మూడు నిండు ట్యాంకర్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన సుబ్రహ్మణ్యం గొడుగు పట్టుకుని కాపలా కాస్తున్నాడు. ఆ గొడుగు సగం తడిసి ఉంది.