మా వియ్యపురాలు నడిపిన బడి

మా వియ్యపురాలు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, ఇక్కడ అమెరికాలో, కమ్మింగ్ ఊళ్ళో మా ఇంట్లోనే, నిద్రలోనే. మీలో చాలామంది ఆమెను ఆదివారాలు తెలుగు చర్చిలో చూసే ఉంటారు. రోజూ నేను లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతూ ఉండేది, ఆమె టీ కప్పు, బైబిల్ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉండేవారు. ఆ రోజు లైటు లేదు. వెళ్ళి తలుపు తట్టింది నేనే. అంబులెన్స్ వాళ్ళు వచ్చారు, చూశారు, తల అడ్డంగా ఊపారు. ఆమె మీకేమవుతారని వాళ్ళలో ఒకాయన అడిగితే, నా కోడలికి తల్లి అని చెప్పాను. ఇంత దూరపు చుట్టానికి ఈ ముసలాయన గోడ పట్టుకుని నిలబడ్డాడేమిటా అన్నట్టు చూశాడు. ఏళ్ళ తరబడి ఒకే టీవీ రిమోట్ కోసం పోట్లాడుకున్న వియ్యంకుల సంగతి అతనికెలా తెలుస్తుంది?

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆమె కూతురు, అంటే మా కోడలు, డెన్వర్‌లో ఉంది. సోమవారం విమానమెక్కి గురువారం దిగే ఉద్యోగం ఆమెది. ఇంట్లో ఉన్నది మా అబ్బాయి, నేను, పదేళ్ళ మనవరాలు. మా వాడు ఫోన్ పట్టుకుని హాల్లో నిలబడిపోయాడు.

"నాన్నా, తనకి ఏమని చెప్పను?"

"అత్తయ్యకి సీరియస్‌గా ఉంది, బయల్దేరు అని చెప్పు. మిగతాది ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చేటప్పుడు చూసుకుందాం."

మనవాళ్ళందరం చేసేది అదేగా! దారిలో ఉన్న మనిషికి నిజం చెప్పం. మా నాన్న పోయినప్పుడు నన్నూ అలాగే రప్పించారు. ఏ డాక్టరుకి చూపిద్దామా అని బస్సులో కూర్చుని దారంతా ఆలోచించాను. వీధి మలుపు తిరగ్గానే షామియానా కనబడింది.

మనవరాలు మెట్ల మీద కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. ఆ పిల్ల గురించి, వాళ్ళమ్మమ్మ గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. ఫోన్ ఇంకా మా వాడి చేతిలోనే ఉందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

పిల్ల సెకండ్ గ్రేడ్‌లో ఉండగా ఆదివారం సాయంత్రం అయితే చాలు, ఏడుపు మొదలెట్టేది. తెల్లారితే అమ్మ ఒక దిక్కుకి, తను ఒక దిక్కుకి. స్కూల్లో లంచ్ బాక్స్ తెరవడం మానేసింది. కోడలు ఉద్యోగం మానేద్దామంటే ఇంటి వాయిదా, ఇన్సూరెన్స్ అన్నీ దాని మీదే. మా వాడిది కాంట్రాక్టు పని, పగలంతా మీటింగులే. దాంతో పిల్లని స్కూలు మాన్పించి ఇంట్లోనే చదివిద్దామన్నారు. వియ్యపురాలు నరసాపురం వైపు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. డైనింగ్ టేబులే బడి అయింది.

ఆ బడికి ఒక పద్ధతుండేది. టీచరు, పిల్ల ఇద్దరూ గరాజ్ తలుపులోంచి బయటికెళ్ళి, ఇల్లు చుట్టి, ముందు తలుపు దగ్గరికొచ్చి బెల్లు కొట్టాలి. టీచరు ఇస్త్రీ చీరలో, చేతికి వాచీతో. చలికాలంలో ఆ చీర మీద మా వాడి జాకెట్ కూడా! "ఉన్నచోటే కూర్చుంటే అది ఇల్లు, అన్నయ్యగారూ. బడికి రావాలి," అనేవారు. తలుపు తీసే ఉద్యోగం నాది. నా చదువంతా కిరాణా పొట్లాల కాయితాల మీద సాగింది. కాయితం ఉన్నంత మేరే కథ, ఆ పైన మన ఊహ. అందుకని నేనూ ఓ చివర కూర్చుని వినేవాణ్ణి. "వెనక బెంచీలో ఏమిటా నవ్వులు?" అని నన్నూ గద్దించేవారు.

పగలు బాగానే గడిచేది. సాయంత్రం ఏడింటికి కోడలు హోటల్ గదిలోంచి వీడియో కాల్ చేసేది. అప్పుడు పిల్ల పైకెళ్ళి తలుపేసుకునేది. ఎంత పిలిచినా రాదు. "స్నానం చేస్తోందమ్మా" అని ఒకరోజు నేను, "పడుకుంది" అని ఒకరోజు మా వాడు, "హోంవర్క్ చేసుకుంటోంది" అని ఒకరోజు వియ్యపురాలు. ఇలా కొన్ని వారాలు నడిపాం. చివరికి కోడలు అడిగేసింది: "మామయ్యగారూ, నా కూతురు రోజూ సరిగ్గా ఏడింటికే స్నానం చేస్తుందా?"

వియ్యపురాలు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. చెప్పొద్దని సైగ చేశాను. ఆమె చెప్పేశారు.

"స్నానమూ లేదు, ఏమీ లేదు. అది నీతో మాట్లాడనంటోంది."

నేను గొంతు తగ్గించి, "దూరాన ఉన్న అమ్మాయిని బాధపెట్టడం ఎందుకు చెల్లెమ్మా?" అన్నాను.

"దాని ఇంట్లో ఏదో జరుగుతోందని దానికి తెలుసు అన్నయ్యగారూ. ఏమిటో తెలియకుండా హోటల్లో కూర్చుంది. అది బాధ కాదా? దూరంగా ఉన్నవాళ్ళకి మనం ఇంకా ఎక్కువ చెప్పాలి."

అలాగే ఫోన్ పట్టుకుని మెట్లెక్కి పిల్ల గది ముందు నిలబడ్డారు. లోపల్నుంచి వినబడింది: "నేను మాట్లాడను. ఎలాగూ మళ్ళీ వెళ్ళిపోతుంది."

"మాట్లాడక్కర్లేదు. పరీక్ష పెట్టు. మీ అమ్మకి ఏం వచ్చో చూద్దాం."

చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. "వానపాముకి ముక్కు ఎక్కడుంటుంది?"

"తల... తల దగ్గరేనా?" అంది కోడలు. ఆ గొంతులో ఏడుపు నాకు కింది దాకా వినబడింది.

"రాంగ్. ముక్కే లేదు. స్కిన్‌తో బ్రీథ్ చేస్తుంది. జీరో."

ఒక్కరోజుతో అంతా సర్దుకోలేదు. తలుపు తెరుచుకోని సాయంత్రాలు తర్వాత కూడా వచ్చాయి. అప్పుడు వియ్యపురాలు ఆ మాటే కోడలికి చెప్పేవారు, ఈ రోజు పరీక్ష లేదు, దానికి నీ మీద కోపంగా ఉంది అని. కోడలు పిల్లని సంతోషపెట్టాలని ఒకసారి తెలిసిన జవాబు కూడా తప్పు చెప్పబోతే పట్టేసుకున్నారు. "కావాలని తప్పు చెప్పకు. నీకు నిజంగా రానివే బోలెడున్నాయి. టెన్త్‌లో నీ పేపర్లు దిద్దింది నేనే." పిల్ల పకపకా నవ్వింది. మెల్లగా ఏడు కాకముందే ఫోన్ దగ్గరికొచ్చి కూర్చోవడం అలవాటైంది.

సరే, మంగళవారానికి వద్దాం. మా వాడు నంబరు నొక్కబోతున్నాడు.

"అమ్మకి అబద్ధం చెప్తున్నారా?" అంది పిల్ల మెట్ల మీంచి.

"అబద్ధం కాదమ్మా, మెల్లగా..." అన్నాను నేను.

"అమ్మమ్మ చనిపోయింది కదా. సీరియస్ అంటే అమ్మ ఫ్లైట్‌లో ప్రే చేస్తూ వస్తుంది, బాగైపోవాలని. అది చాలా మీన్ తాతా, చెడ్డ పని."

నేను వద్దన్నట్టు చెయ్యి ఎత్తాను. చిన్నపిల్ల నోట వినాల్సిన కబురా అది? మా వాడు నా చేతి వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. నంబరు నొక్కి ఫోన్ దాని చేతిలో పెట్టాడు.

"ఏంటి, ఇంత పొద్దున్నే?" కోడలి నిద్ర గొంతు.

"అమ్మా, నువ్వు కూర్చో."

"ఏమైంది?"

"అమ్మమ్మ చనిపోయింది. నిద్రలో. తాత చూశాడు. డాడీ ఏడుస్తున్నాడు. నేను ఇంకా ఏడవలేదు."

అవతల నుంచి వచ్చిన చప్పుడు ఇక్కడ రాయను. అది ఆగేదాకా పిల్ల ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. ఆగాక, "కట్ చేయకు అమ్మా," అంది.

కోడలు కట్ చేయలేదు. బట్టలు సర్దుతున్నంతసేపూ, టాక్సీలోనూ, ఎయిర్‌పోర్ట్ లైన్‌లోనూ అలాగే ఉంచింది. చార్జింగ్ అయిపోతుంటే మా వాడు పొడుగు వైరు తెచ్చి గోడకి తగిలించాడు. ఆ వైరు చివర పిల్ల మెట్టు మీద ముడుచుకుని కూర్చుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నదేం లేదు. డెన్వర్‌లో ఎవరెవరినో పేరుపెట్టి పిలుస్తున్న మైకు మా హాల్లోకి సన్నగా వినబడుతోంది, మధ్యమధ్య కోడలి ఊపిరి. విమానంలో ఫోన్లు ఆపమని ఎవరో చెప్పారు. తర్వాత ఏమీ లేదు. పిల్ల ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయలేదు.