ఏటా కాసిన చెట్టు

ఎక్కడ ప్రసంగానికి పిలిచినా ముందు నా బయోడేటా చదువుతారు. బాటనీలో ఎమ్మెస్సీ, జన్యుశాస్త్రంలో పిహెచ్‌డీ, ఆపైన పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్, ఏటా కాసే మామిడి మీద ప్రత్యేక పరిశోధన. ఆ చివరి మాట దగ్గర నేను తల దించుకుంటాను. వినయమనుకుంటారు. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువది. మీకు మాత్రం చెప్తాను.

ఎనభైల మొదట్లో నూజివీడు చుట్టుపక్కల తోటలన్నీ తిరిగాను. మామిడి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. ఆగిరిపల్లి దగ్గర రామారావుగారనే రైతు తోటలో ఒక్క చెట్టు మాత్రం ఏటా కాసేది. వాళ్ల నాన్న టెంక పాతి పెంచిన చెట్టు. దానివీ, పోల్చి చూడటానికి పక్క చెట్టువీ పుల్లలు కోసి, అంటు కట్టడానికి తడి గోనెల్లో వేరువేరుగా చుట్టి తెచ్చాను. చీటీలు ఇంకుతో రాశాను. పెన్సిల్‌తో రాయాలని తోటమాలికి కూడా తెలుసు. విప్పేసరికి అక్షరాలు కరిగిపోయాయి. రెండు కట్టలూ ఒకేలా ఉన్నాయి.

ఆ తోట స్కూటర్ మీద అరగంట దూరం. వెళ్లి మళ్లీ కోసుకోవచ్చు. ఎందుకు వెళ్లలేదు? ఇంత చదివి చీటీ రాయడం రాదా అని ఆయన నవ్వుతారనా? అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఒక కట్ట తీసుకుని, ఇదే అయ్యుంటుందనుకుని అంటు కట్టేశాను. రెండోది పారేశాను.

మరుసటి ఏడాది అన్నదమ్ముల పంపకాల్లో ఆ చెట్టు సరిగ్గా హద్దు గట్టు మీదికి వచ్చింది. తగవెందుకు, కొట్టేద్దామన్నారు మిగతావాళ్లు. కొట్టేయడానికి రామారావుగారికి మనసు రాలేదు. నన్నడిగారు. అంట్లు భద్రంగా ఉన్నాయి, బెంగపడొద్దన్నాను. నా మాట మీదే కొట్టించారు. ఆ అంట్లనే రెండెకరాల్లో నాటుకున్నారు. అరుదైన చెట్టును కాపాడాడన్న పేరుతో నాకు ఉద్యోగం వచ్చింది.

మొక్కలు కాపుకొచ్చాయి. ఒక ఏడు కాశాయి, ఒక ఏడు మానేశాయి. మళ్లీ అంతే. నేను కట్టింది పక్క చెట్టునని అప్పుడు తెలిసింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఒకరోజు ఆయనే ఆఫీసుకు వచ్చారు. తిట్టడానికే అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మా నేలకే అచ్చిరాలేదండి. మీ కష్టం వృథా చేశాం, ఏమీ అనుకోకండి."

"ఫర్లేదండి," అన్నాను.

ఫర్లేదట. నేను నాశనం చేసినదానికి ఆయన క్షమాపణ చెప్తే, పెద్దమనిషిలా తీసుకుని, టీ తెప్పించి పంపాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ చెట్టు ఇక ఈ భూమ్మీద లేదు. క్షమించేవాళ్లెవరూ మిగల్లేదు, అడిగే మొహం నాకూ లేదు.

రామారావుగారూ, మీ నేల మంచిదే. తప్పు నాది.

ఈ రెండు ముక్కలు రాయడానికి పొద్దున్నుంచి కూర్చున్నాను. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.