బ్లూబెర్రీ బీళ్ళలో అంకుల్ చెప్పని మాట

మొన్న ఆదివారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి, "బాబూ, ఒకసారి కిందికి రా. అంకుల్ లేవడం లేదు" అన్నారు. నేను వెళ్ళేసరికే ఆయన పోయారు. అమెరికాలో, ఎడిసన్ ఊళ్ళో మా కింది ఫ్లాట్ అంకుల్. చుట్టం కాదు, మా ఊరివారూ కాదు. నేను ఎమ్మెస్ చదవడానికి వచ్చి సూట్‌కేసులు దించుకుంటుంటే, "అన్నీ పచ్చళ్ళేనా, బుర్ర కూడా ఏమైనా తెచ్చుకున్నావా?" అని పలకరించిన మనిషి. ఆ పూట వాళ్ళింట్లోనే అన్నం తిన్నాను. ఆ తర్వాత లెక్కలేనన్ని పూటలు తిన్నాను.

ఆయన నోరు మంచిది కాదు. పోయినవాళ్ళ గురించి ఇలా రాయకూడదంటారు గానీ, మెత్తగా రాస్తే ఆయనే పైనుంచి తిడతారు. మంచులో కారు నడపడం నాకు నేర్పింది ఆయనే. నేర్పినంతసేపూ, "నువ్వు డ్రైవ్ చేస్తుంటే నాకు దేవుడి మీద భక్తి పెరుగుతోందిరా" అనేవారు. ఆంటీ వంటకి వంక పెట్టని రోజు లేదు. ఆవిడా తక్కువేం కాదు. షుగర్ ఉన్న ఆయన చేతిలోంచి లడ్డూ లాక్కుని మరీ నా చేతిలో పెట్టేవారు.

కిందటి వేసవి చివర్లో ఆయనకి కడుపునొప్పి మొదలైంది. ఆస్పత్రిలో పరీక్షలయ్యాక ఆంటీ నన్ను లాండ్రీ రూమ్‌కి పిలిచారు. "క్యాన్సరంట బాబూ. బాగా ముదిరిపోయిందంట. ఆయనకి అల్సర్ అని చెప్పాను. నిజం తెలిస్తే ఆ భయంతోనే పోతారు. నువ్వు నోరు జారకు." మన ఇళ్ళలో ఇది మామూలే. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరి దగ్గర ఇలాగే దాచి ఉంటారు. నేనూ సరేనన్నాను.

ఆయన ఎప్పటినుంచో చూడాలంటున్న మేన్ రాష్ట్రం తీరానికి తీసుకెళ్ళమని ఆంటీయే అడిగారు. అక్టోబర్‌లో ముగ్గురం నా కారులో బయల్దేరాం. వెనక సీట్లో రైస్ కుక్కర్, పులిహోర, ఆవకాయ. కెనడా సరిహద్దుకి దగ్గర్లో ఉంటుంది ఆ చోటు. చెట్టన్నది లేని బీడు. మోకాలి ఎత్తుకి కూడా రాని బ్లూబెర్రీ పొదలు, చలికి ఎర్రబడి కనుచూపు మేర పరుచుకుని ఉన్నాయి. మధ్యలో పెద్ద పెద్ద బండరాళ్ళు. ఆ చివర సముద్రం. మనిషి అలికిడి లేదు.

మర్నాడు పొద్దున హోటల్ గదిలో టిఫిన్ దగ్గర ఆంటీ ఆయన ప్లేట్‌లో రెండు లడ్డూలు పెట్టారు. ఆయన వంక పెట్టకుండా రెండూ తిన్నారు.

మోకాళ్ళ నొప్పులని ఆంటీ కారు దగ్గరే ఉండిపోయారు. అంకుల్, నేను సముద్రం వైపు నడిచాం. సగం దారిలో ఆయన ఒక రాయి మీద కూలబడ్డారు.

"రెండు లడ్డూలు పెట్టింది, చూశావా? మీ ఆంటీకి యాక్టింగ్ రాదురా."

"ఏదో ప్రేమతో పెట్టారు అంకుల్."

"నోరు ముయ్యి. రిపోర్టులొచ్చిన రోజు తను కార్ పార్క్ చేసి వచ్చేలోపే డాక్టర్ నాకు చెప్పేశాడు. నేను బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేలోపు తనకీ చెప్పేశాడు. కార్‌లో కూర్చోగానే, 'అల్సరేనంటండీ, భయం లేదు' అంది. నేను 'అమ్మయ్య' అన్నాను. ఇక ఇద్దరం అక్కడే ఇరుక్కుపోయాం."

ఆయన నవ్వారు. నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

"మరి ఆంటీకి చెప్పేయొచ్చు కదా?"

"చెబితే నా ముందే ఏడుస్తుంది. ఇప్పుడు షవర్ ఆన్ చేసుకుని లోపల ఏడుస్తోంది, బయటికొచ్చి నవ్వుతోంది. పెళ్ళయ్యాక ఇంత నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు. అది చెడగొట్టమంటావా?" మళ్ళీ ఆయనే, "ఒక్క మాట మాత్రం చెప్పాలని ఉందిరా తనకి" అన్నారు.

"ఏంటి అంకుల్?"

"నీకెందుకు? నీ పెళ్ళాం వచ్చాక నీ మాట నువ్వు చెప్పుకో."

ఆ మాట చెప్పాలంటే పోతున్నానని ఒప్పుకోవాలి. అది ఆయన వల్ల కాలేదు. నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని, తనకి నిజం తెలుసని ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు.

తిరిగొచ్చేసరికి ఆంటీ శాలువా కప్పుకుని నవ్వుతూ నిలబడి ఉన్నారు. "మీ అల్సర్ తగ్గాక సమ్మర్‌లో మళ్ళీ వద్దామండీ."

"వద్దాం. అప్పుడైనా పులిహోరలో ఉప్పు వెయ్యి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

చలికాలమంతా అదే నాటకం. చివరి రోజుల్లో ఇంటికొచ్చే హాస్పిస్ నర్స్‌ని, అంటే ఇక బతకరన్నవాళ్ళని చూసుకునే నర్స్‌ని కూడా ఆంటీ "అల్సర్ మందులిచ్చే అమ్మాయి" అని పరిచయం చేశారు. ఆయన ఆ అమ్మాయికి బుద్ధిగా థాంక్స్ చెప్పారు. ఇంత మొండి మనిషిని నేను చూడలేదు. ఆయన చేసిన మేలు మర్చిపోలేను. ఆయన మీద కోపం కూడా ఇంకా పోలేదు.

దహనం అయిన మర్నాడు ఆంటీ దగ్గరికి వెళ్ళాను. పలకరించడానికి వచ్చినవాళ్ళతో హాలు నిండిపోయింది. ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళారు.

"ఒక్కటే తృప్తి బాబూ. ఆయనకి తెలియకుండానే పోయారు. తెలిసుంటే నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పోతారా?"

"పోరు ఆంటీ" అన్నాను.

"అదే మరి" అన్నారు ఆవిడ. కొంగుతో మొహం తుడుచుకుని, కాస్త తేలికపడ్డ మనిషిలా కాఫీ గ్లాసుల ట్రే ఎత్తుకుని హాల్లోకి వెళ్ళారు.